మర్యాద తెలిసిన గుట్ట

“మీ నాన్నగారు కిటికీ గడియ తీసి వేసి, తీసి వేసి చూస్తున్నారే,” అంటూ అత్తగారు వంటింట్లోకి వచ్చి తలుపు ఓరగా వేసింది. “ఇంతకీ ఆయన దేనికొచ్చినట్టు?”

“నాకేం తెలుసు అత్తయ్యా?”

“కన్నకూతురివి, నీకు తెలియకపోతే నాకు తెలుస్తుందా?”

పిచ్చుక కప్పులు కడుగుతోంది. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోందని అత్తగారు గమనించింది గానీ, ఊరుకుంది.

నిన్న సాయంత్రం ఊరు చూడ్డానికి దిగినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. చేతిలో చిన్న సంచి, నెత్తిన టోపీ. తిన్నగా వీళ్ళింటికే వచ్చి, వాకిట్లో నిలబడ్డ కూతురితో, “ఏమండీ, గది ఉందా?” అన్నాడు.

ఆ ‘ఏమండీ’ పిచ్చుకకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి తనని ‘మీరు’ అనగా వినలేదు. అసలు పిచ్చుక అన్న పేరు పెట్టిందే ఆయన, పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుందని. ఆ పేరు ఆమె వెంట ఈ ఇంటిదాకా వచ్చింది. పెట్టినాయనే మర్చిపోయినట్టున్నాడు.

గైడుని పెళ్ళి చేసుకుంటానని ఆమె చెప్పిన రోజున ఆయన అన్న మాటలు వేరు. “వాడు నోటితో బతికేవాడు. ఉన్నదానికి లేనిది కలిపి చెప్పడమే వాడి పని. వాణ్ణి చేసుకుంటే నాకు కూతురు లేదు.” అన్నంత పనీ చేశాడు. పెళ్ళికి రాలేదు, తల్లిని రానివ్వలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలాంటి మనిషి ఇప్పుడు వీధి గదిలో అద్దెకి దిగి, తడి తువ్వాలు ఎక్కడ ఆరేసుకోవాలని కూతుర్నే అడుగుతున్నాడు.

ఆయనది గడియారాలు బాగుచేసే పని. ఏ వస్తువు కనబడినా అది ఎలా పనిచేస్తుందో కనుక్కోకపోతే ఊపిరాడదు. రాత్రి భోజనాల దగ్గర కుళాయి ఎందుకలా కూతపెడుతుందని అడిగాడు. పొద్దున్న లేస్తూనే గోడకి సున్నం ఎప్పుడు వేశారని అడిగాడు. నువ్వెలా ఉన్నావని మాత్రం అడగలేదు.

“అన్నయ్యగారూ, టీ!” అంటూ అత్తగారు కప్పు పట్టుకుని వీధి గదిలోకి వెళ్ళింది. వరస కలిపితే అయినా మనిషి కరుగుతాడేమోనని ఆవిడ ఆశ.

ఆయన లేచి నిలబడి కప్పు అందుకున్నాడు. “చాలా థాంక్సమ్మా. ఇది గది అద్దెలో కలిసే ఉంటుందా, వేరేగా ఇవ్వాలా?”

వియ్యంకుడికి టీ అమ్ముకునే గతి మాకింకా పట్టలేదన్న మాట అత్తగారి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, “కలిసే ఉంటుంది,” అని వెనక్కి తిరిగింది.

“చుట్టరికం కలుపుతుంటే దులిపేసుకుంటున్నాడే మీ నాన్న!” అని వంటింట్లోకి వచ్చాక కోడలి మీద విరుచుకుపడింది. “పోనీ కోపంతో వచ్చాడా అంటే ఒక్క మాట తూలడు. ప్రేమతో వచ్చాడా అంటే మొహం చూడడు. ఊరు చూసి పోవడానికే వచ్చాడా? ఇంత పెద్ద లోకంలో ఆయనకి చూడ్డానికి మన ఊరే దొరికిందా?”

పిచ్చుకకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తండ్రి సంచిలో ఏముందో, ఎన్నాళ్ళుంటాడో, అమ్మకి చెప్పే వచ్చాడో, చెప్పకుండా వచ్చాడో, అన్నీ తెలుసుకోవాలని ఉంది. అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. ‘మీరెవరండీ?’ అంటాడేమోనని భయం.

పెరట్లో వ్యాను కడుగుతున్న గైడు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమె మొగుడు. ఊరికి వచ్చినవాళ్ళకి గుహ, వేలాడే వంతెన, పలికే గుట్ట తిప్పి చూపించడం అతని పని.

“ఆయన కూడా వస్తారట,” అన్నాడు మెల్లగా. “ఇప్పుడే చెప్పారు. ‘బాబూ, నాకో సీటు ఉంచండి’ అన్నారు. సరే మావయ్యగారూ అనబోయి, సరే సార్ అన్నాను.”

వంటింట్లో ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది, గుట్ట.

ఆ గుట్ట ఒకప్పుడు నిజంగానే పలికేది. ఎదురుగా నిలబడి కేకేస్తే ఆ కేక తిరిగి వచ్చేది. దాన్ని వినడానికే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి రాయి కావాలని గుట్ట అవతలి సగం పేల్చేశారు. ఆనాటి నుంచీ గుట్ట మూగబోయింది. వచ్చినవాళ్ళు అరిచి అరిచి, మొహాలు వేలాడేసుకుని పోతుంటే, ఒకసారి అత్తగారు చూడలేక రాయి వెనక నుంచి తనే బదులు పలికింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతే, అది ఆవిడ ఉద్యోగమైపోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. టీ కొట్టు దగ్గర్నుంచి అద్దె గదుల దాకా ఊరు బతుకుతున్నది ఆవిడ గొంతు మీదే.

పెళ్ళయి వచ్చాక ఈ సంగతి తెలిసి పిచ్చుక అలిగి పడుకుంది. తండ్రి అన్న మాటే నిజమైందా అని ఆమె ఏడుపు. మొగుడు కాళ్ళావేళ్ళా పడి, “గుట్ట దగ్గర తప్ప ఎక్కడా ఒక్క అబద్ధం చెప్పను,” అని ఒట్టు వేస్తే లేచింది.

“ఇవాళ గుట్టకి తీసుకెళ్ళను,” అన్నాడు గైడు. “దారి బాగాలేదని చెప్తాను.”

“అంటే ఇంకో అబద్ధమా?” అంది పిచ్చుక.

“పోనీ నిజం చెప్పెయ్యనా? మా అమ్మే గుట్టండీ అని?”

“నన్నెందుకురా మధ్యలోకి లాగుతావు?” అత్తగారు గయ్‌మంది. “అయినా నేనివాళ పలకను. ముందే చెప్తున్నా.”

“అదేంటమ్మా!”

“ఆయన నాకు వియ్యంకుడురా! ఆయనేదో అంటాడు, నేను రాయి చాటున దాక్కుని అదే మాట తిప్పి అనాలా? దాన్ని వెక్కిరించడం అంటారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళయితే సరే. వియ్యంకుణ్ణి వెక్కిరించిందన్న అప్రతిష్ఠ నాకొద్దు.”

“ఆయనకి తెలియదు కదా?”

“నాకు తెలుసుగా!”

ఇక ఆవిణ్ణి కదపడం ఎవరి తరమూ కాదు. గైడు తల పట్టుకున్నాడు. వీధి గదిలోంచి గడియ తీసిన చప్పుడు, వేసిన చప్పుడు వినిపిస్తున్నాయి.

“నేను పలుకుతాను,” అంది పిచ్చుక.

“నువ్వా? ఆ పని పేరెత్తితేనే మొహం తిప్పుకుంటావుగా!”

“ఆయన చూడకూడనిది చూసి వెళ్ళడం నాకిష్టం లేదు. నా మొగుడి గురించి ఆయనన్న మాట నిజమని నా కళ్ళముందే తేలితే నేనిక తలెత్తుకోలేను.” అని, కడిగిన కప్పు బోర్లించి, “ఆయన ఏమని పిలుస్తారో కూడా వినాలని ఉంది,” అంది.

అత్తగారు కోడలి వంక ఎగాదిగా చూసింది. ఆవిడ చూపు మెత్తబడింది.

“అయితే విను. వెంటనే అనెయ్యకు. ఒక గుటక మింగు, అప్పుడను. చివరి అక్షరం సాగదియ్యి. మగాళ్ళు అరిస్తే గొంతు దించు. తుమ్మొస్తే ముక్కు పట్టుకో.”

“ఏడుపొస్తే?”

“రానివ్వకు. గుట్టలు ఏడవవు.”

* * *

వ్యాను ముందు గుహ దగ్గర ఆగింది. దిగినవాళ్ళలో కెమెరా ఆవిడ ఒకరు. ప్రతి రాయికీ ఫొటో తీస్తుంది. బట్టతలాయన ఒకడు. ప్రతి ఫొటోలోనూ తనుండాలంటాడు. మిగతావాళ్ళు వాళ్ళ చుట్టాలు. గడియారాలాయన అందరికంటే వెనక, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు.

గుహ లోపలి గోడ మీద ఎర్రరంగులో అరచేతుల ముద్రలున్నాయి. అన్నీ చిన్నవే. ఆయన ఒక ముద్ర పక్కన తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

“ఎవరివి బాబూ ఇవి?”

“తెలియదు సార్.”

“ఆడవాళ్ళవా, పిల్లలవా?”

“అదీ తెలియదు సార్. చాలా పాతవి అన్నదొక్కటే తెలుసు.”

గడియారాలాయన వెనక్కి తిరిగి అతన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. “గైడు కదా మీరు. ఏదో ఒకటి చెప్పొచ్చుగా? ఎవరు కాదంటారు?”

“ఇవాళ ఒకటి చెప్తే రేపు కూడా అదే చెప్పాలి సార్. నాకంత జ్ఞాపకశక్తి లేదు.”

బట్టతలాయన పగలబడి నవ్వాడు. గడియారాలాయన నవ్వలేదు గానీ, గుహలోంచి బయటికి వచ్చేటప్పుడు వెనక నడవడం మానేసి గైడు పక్కన నడిచాడు. ఈ రంగు ఇన్నాళ్ళు ఎలా నిలిచింది, లోపలికి వాన రాదా, గబ్బిలాలు ఎటు పోయాయి, అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. తెలిసినవాటికి గైడు చెప్పాడు, తెలియనివాటికి తెలియదన్నాడు. మామా అల్లుళ్ళు అలా నడిచి వెళ్ళడం ఎరగనివాళ్ళు చూస్తే, ఎన్నేళ్ళ స్నేహమో అనుకుంటారు.

వేలాడే వంతెన దగ్గర ఆయన ఆగిపోయాడు. కింద వాగు గలగలమంటోంది. వంతెన నడుమ చెక్కలు కదులుతున్నాయి.

“ఈ తాళ్ళు ఎప్పుడు మార్చారు?”

“వానల ముందు మార్చారు సార్. నేనూ ఒక చెయ్యి వేశాను.”

గైడు చెయ్యి చాపాడు. ఆయన ఆ చేతి వంక చూసి, వాగు వంక చూసి, మళ్ళీ చేతి వంక చూసి పట్టుకున్నాడు. అవతలి గట్టు మీద కాలు పెట్టగానే వదిలేశాడు. ఆ చేతిని జేబులో పెట్టుకుని చాలాసేపు బయటికి తీయలేదు.

గైడు ఆయన వీపు వంకే చూస్తూ నడిచాడు. ఈ మనిషిని ఇప్పుడు గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి మోసం చేయాలి. వంతెన దగ్గర నుంచే వెనక్కి తిప్పేస్తే ఏమవుతుందని ఆలోచించాడు. కానీ కెమెరా ఆవిడ అప్పటికే, “గుట్ట ఎప్పుడు? గుట్ట ఎప్పుడు?” అని ప్రాణం తీస్తోంది.

* * *

రాయి వెనక పిచ్చుక మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. అత్తగారు రోజూ కూర్చునే చోటు కాబోలు, అక్కడ గోనెపట్టా ఒకటి పరిచి ఉంది, మూత పెట్టిన నీళ్ళ సీసా ఉంది. రాతి పగులులోంచి అవతలి మైదానం సన్నగా కనిపిస్తోంది.

“ఓయ్!” అన్నాడు బట్టతలాయన.

ఒక గుటక. “ఓయ్...”

అవతల ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.  పిచ్చుకకి తన నోట్లోంచి ఎవరిదో మాట రావడం, దానికి ఎవరో సంబరపడటం వింతగా ఉంది. అత్తగారు ఎన్నాళ్ళ నుంచో ఎందుకు ఈ పని వదల్లేకపోతోందో కొద్దిగా అర్థమైంది.

“ఎవరక్కడ?” అంది కెమెరా ఆవిడ.

“ఎవరక్కడ...”

చప్పట్లు. ఒకరి తర్వాత ఒకరు అరిచారు. ఒకాయన తన ఆఫీసరుని పేరు పెట్టి తిట్టాడు, గుట్ట కూడా తిట్టింది. అందరూ కడుపుబ్బ నవ్వారు.

గడియారాలాయన మాత్రం తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. కదలకుండా అలా వింటుంటే ఆయన గడియారమేదో చెవి దగ్గర పెట్టుకున్నట్టే ఉంది. 

“మీరూ పిలవండి సార్!” అంది కెమెరా ఆవిడ. “ఎవరినో ఒకర్ని తలుచుకుని పిలవండి.”

“నాకెవరున్నారమ్మా పిలవడానికి?” అంటూనే ఆయన ముందుకొచ్చాడు. టోపీ తీశాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నిన్నటి నుంచీ టోపీ కింద దాచాడు కాబట్టి పిచ్చుక అది ఇప్పుడే చూసింది. తను వచ్చేసేనాటికి ఆ తల నల్లగా ఉండేది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.  

“బాగున్నావా?”

అది కేక కాదు. దూరంగా ఉన్న మనిషిని పలకరించడానికి గొంతు కాస్త పెంచినట్టుంది.

పిచ్చుక గుటక మింగింది. గొంతు దించాలి, చివరి అక్షరం సాగదియ్యాలి, అన్నీ గుర్తున్నాయి. ‘బాగున్నావా’ అనాలి, అంతే. నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచీ ఆ మనిషితో ఆ నోరు ‘మీరు’ తప్ప అనలేదు.

“బాగున్నారా...”

 మైదానంలో నవ్వులు గుప్పుమన్నాయి.

“గుట్టకి మర్యాద తెలుసండోయ్! పెద్దాయనని చూసి మీరు అంటోంది!”

“మనల్ని మాత్రం ఓయ్ అంది, చూశారా!”

గైడు చెమట తుడుచుకున్నాడు. “గాలి మారినప్పుడు ఒక్కోసారి...” అని మొదలెట్టాడు. గడియారాలాయన అతని వంకే చూస్తున్నాడు. మిగతా మాట మింగేసి తల దించుకున్నాడు.

ఇక దాచేదేమీ లేదు. ఇప్పుడు ఆయన నవ్వుతాడు, లేదా ఛీ అంటాడు, ఊళ్ళన్నీ తిరిగి చెప్తాడు. పిచ్చుక కళ్ళు గట్టిగా మూసుకుంది.

“మీ అమ్మకి బాగాలేదు!”

నవ్వుతున్నవాళ్ళు నవ్వుతున్నట్టే ఆగిపోయారు.

“కడుపులో గడ్డ అన్నారు. కొయ్యాలట!” ఆయన గుట్టతోనే మాట్లాడుతున్నాడు.  “నిన్ను చూస్తేగాని కోయించుకోనంటోంది. నేను చెప్తే వినదు. డాక్టరు చెప్తే వినదు. రోజూ గుమ్మం వంకే చూస్తోంది!”

గుట్ట ఏం పలుకుతుందా అని ఎవరూ ఎదురుచూడలేదు. రాయి చాటు నుంచి పిచ్చుక లేచి బయటికి వచ్చింది. బట్టలకి దుమ్ము, చేతికి గీతలు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

“అంటే ఇందాకటి నుంచీ...” అనబోయిన బట్టతలాయన్ని కెమెరా ఆవిడ మోచేత్తో పొడిచింది.

పిచ్చుక మైదానం దాటి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. “ఎప్పటి నుంచి నాన్నా?”

“చలికాలం నుంచి.”

“నిన్నటి నుంచీ ఇంట్లోనే ఉన్నారుగా. కుళాయి గురించి అడిగారు, సున్నం గురించి అడిగారు. ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?”

“నాకు కూతురు లేదన్నాను.” ఆయన టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. “లేని మనిషితో ఎలా చెప్పను? నిన్న చెప్దామనే అనుకున్నా. పొద్దున్నా అనుకున్నా. కనీసం రాయితో చెప్పి బరువు దించుకుందామని ఇక్కడికొచ్చాను. నువ్వు ఉంటావనుకోలేదు.”

ఎంత మొండిమనిషి! కోపంతో అరవాలో, మెడ చుట్టూ చేతులేసి ఏడవాలో ఆమెకి తెలియలేదు.

“పదండి. ఇప్పుడే వెళ్దాం.”

ఆయన తల పైకెత్తాడు. ఆమెని చూశాడు, ఆమె వెనకగా వచ్చి నిలబడ్డ గైడుని చూశాడు. గుహ దగ్గర్నుంచి కలిసి నడిచిన నడక, వంతెన మీద పట్టుకున్న చెయ్యి, అన్నీ ఆ మొహంలో ఒకసారి కదిలినట్టే కదిలి మాయమైపోయాయి. ఆ తర్వాత గుట్ట వంక, ఖాళీగా ఉన్న ఆ రాయి వంక చూశాడు.

“నువ్వొక్కదానివే రా,” అన్నాడు.

గైడు మొహం పాలిపోయింది. 

పిచ్చుక కదల్లేదు. “ఒక్కదాన్నే రమ్మన్నది అమ్మా?” అని అడిగింది. “మీరా?”

 తండ్రి టోపీ నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి నేరుగా ముందుకే చూస్తున్నాడు.

ఆ వ్యాను నడపాల్సింది అల్లుడే. ఆ కొండదారిలో ఇంకో బండి లేదు.

గైడు జేబులోంచి తాళాలు తీశాడు. కింద దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఇంటికి, ఒకటి పట్నం మీదుగా ఆమె పుట్టింటికి వెళ్ళే రోడ్డుకి. అతను భార్య దగ్గరగా వచ్చి, మిగతావాళ్ళకి వినబడకుండా అడిగాడు.

“ఎటు పోనిమ్మంటావు?”